మానవ కేంద్రిత రూపకల్పన: కేంద్రంలో ఏ మనిషి?

సభాధ్యక్షులకు, అధ్యాపక మిత్రులకు, విద్యార్థినీ విద్యార్థులకు నమస్కారం.

ఆహ్వానపత్రంలో నా ప్రసంగాంశాన్ని ‘సామాజిక సమస్యలకు మానవ కేంద్రిత రూపకల్పన’ అని వేశారు. ఇంత బరువైన పేరు చూసి ఇదేదో కొత్త శాస్త్రమనుకునే ప్రమాదం ఉంది. పద్ధతి నిజానికి చాలా సాదాది. ఒక వస్తువునో, సేవనో తయారుచేయబోయేవాళ్లు ముందుగా దాన్ని వాడబోయేవాళ్ల దగ్గరకు వెళ్లి, వాళ్ల రోజు ఎలా గడుస్తోందో కళ్లారా చూసి, వాళ్లు చెప్పేది ఓపికగా విని, తక్కువ ఖర్చులో ఒక నమూనా చేసి వాళ్ల చేతికిచ్చి, వాళ్లు ఎక్కడ ఇబ్బంది పడుతున్నారో గమనించి మార్చుకుంటూ పోవాలి. అమెరికాలోని ఐడియో అనే డిజైన్ సంస్థ, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం దీనికి బాగా ప్రాచుర్యం తెచ్చాయి. పేదరికం మీద పనిచేసే సంస్థల కోసం ఐడియో 2009లో ఒక మార్గదర్శిని విడుదల చేసింది, 2011లో ఇదే పనికి లాభాపేక్ష లేని ఒక ప్రత్యేక సంస్థనూ పెట్టింది. అప్పటి నుంచి మన దేశంలోనూ శిక్షణ తరగతులు, ఆలోచనలు రాసి గోడల నిండా అంటించే రంగు రంగుల చీటీలు, రెండు రోజుల కార్యశాలలు మొదలయ్యాయి. చీటీల మీద నాకు కోపమేమీ లేదు, కానీ వాటిని అంటించేటప్పుడు ఎవరూ పెద్దగా వేయని ఒక ప్రశ్న ఉంది. మనిషిని కేంద్రంలో పెడదాం, సరే, ఏ మనిషిని? ఈ గంట మనం ఆ ఒక్క ప్రశ్నతోనే గడుపుదాం. నాకు తెలిసిన రంగం తాగునీరు, పారిశుద్ధ్యం గనుక ఉదాహరణలు చాలావరకు అక్కడి నుంచే ఇస్తాను.

ముందుగా ఈ పద్ధతి గొప్పతనం చూపే ఒక సంగతి చెప్పడం న్యాయం. 2007లో స్టాన్‌ఫర్డ్‌లో కొందరు విద్యార్థులకు, నెలలు నిండకుండా పుట్టిన శిశువుల కోసం చవకైన ఇంక్యుబేటర్ తయారుచేయమని ఒక పని అప్పగించారు. వాళ్లలో ఒకరు నేపాల్ వెళ్లి చూస్తే, ఆసుపత్రిలో ఇంక్యుబేటర్లు ఉన్నాయి, కానీ ఖాళీగా ఉన్నాయి. పిల్లలు పుడుతున్నది దూరపు పల్లెల్లో, ప్రాణాలు పోతున్నది ఆసుపత్రికి చేరేలోపు. దాంతో ఆసుపత్రి యంత్రం ధర తగ్గించే ఆలోచన పక్కకు పోయి, తల్లి దగ్గరే బిడ్డను వెచ్చగా ఉంచే చిన్న పడకసంచి తయారైంది. అందులో ఒక మైనం లాంటి పదార్థాన్ని వేడిచేసి పెడితే అది కొన్ని గంటల పాటు 37 డిగ్రీల వెచ్చదనాన్ని నిలుపుతుంది. నాకు ఇంకా విలువైనదిగా తోచేది దీని తరువాతి ఘట్టం. మన దేశపు పల్లెల్లో దీన్ని చూపించినప్పుడు ఒక తల్లి, ఇంగ్లిషు మందులు ఘాటుగా ఉంటాయి కదా, 37 అని చెబితే నేను కొంచెం తగ్గించే పెడతాను అంది. ఆ మాట విన్న తరువాత రూపకర్తలు అంకెలున్న పట్టీని తీసేసి, సరిపోయింది, సరిపోలేదు అని మాత్రమే చూపే గుర్తు పెట్టారు. ఆ తల్లి అన్నదాంట్లో అజ్ఞానమేమీ లేదు. డాక్టరు రాసిన మాత్రను సగం చేసి పిల్లవాడికి వేసే జాగ్రత్తే అది, మన ఇళ్లలో అందరూ ఎరిగినదే. ప్రయోగశాలలో కూర్చున్నవాళ్లకు మాత్రం అది తట్టే అవకాశం లేదు.

ఇక్కడ కేంద్రంలో ఎవరుండాలో తేల్చడం సులువు, తల్లీ బిడ్డా. నీళ్ల దగ్గరకొచ్చేసరికి అంత సులువుగా తేలదు.

ఐడియో సంస్థవారే 2010లో అచ్చయిన ఒక వ్యాసాన్ని హైదరాబాద్ శివారులోని ఒక గృహిణి సంగతితో మొదలుపెట్టారు. ఆమె ఇంటికి నడిచి వెళ్లేంత దూరంలో నాంది ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ ఏర్పాటు చేసిన నీటిశుద్ధి కేంద్రం ఉంది. అక్కడి నీళ్లు మంచివని, బోరు నీళ్లతో ఇంట్లోవాళ్లకు అప్పుడప్పుడు జబ్బు చేస్తోందని ఆమెకు తెలుసు. అయినా ఆమె బోరు నీళ్లే తెచ్చుకునేది. కేంద్రంలో నీళ్లు పట్టుకోవాలంటే వాళ్లు నిర్ణయించిన ఇరవై లీటర్ల ప్లాస్టిక్ క్యానే వాడాలి. నిండు క్యాను ఇరవై కిలోల బరువు, పైగా పలకలుగా ఉంటుంది. భర్త మోసుకొద్దామంటే అతను పని నుంచి వచ్చేసరికి కేంద్రం మూసేస్తారు. రోజుకు ఒక క్యాను చొప్పున నెలవారీ కార్డు కొనాలి, ఆ ఇంటికి అన్ని నీళ్లు అక్కర్లేదు.

బిందె సంగతి ఒకసారి ఆలోచించండి. దాని పొట్ట గుండ్రంగా ఉండి నడుము ఒంపులో కూర్చుంటుంది, మెడ సన్నగా ఉండటం వల్ల మోచేయి చుట్టి పట్టుకోవడానికి వీలవుతుంది, మూతి అంచు బయటికి తిరిగి ఉండటం వల్ల చేయి జారదు. నెత్తిన పెట్టుకోవాలంటే చుట్టకుదురు ఉంది. ఒక బిందె నెత్తిన, ఒకటి చంకన పెట్టుకుని మాట్లాడుకుంటూ నడిచే ఆడవాళ్లను చూసినవాళ్లెవరూ ఆ రూపం వెనుక ఉన్న తరాల దిద్దుబాటును తక్కువగా అంచనా వేయలేరు. క్యానుకు ఇవేవీ లేవు. శుద్ధి చేసే యంత్రం బాగుంది, నీరు బాగుంది, ధర కూడా తక్కువే. తాగేవాళ్లను తలచుకుని కేంద్రం కట్టారు, మోసేవాళ్లు మాత్రం ఎవరి తలపులోనూ లేరు. తరువాత మన ఊళ్లలో జరిగింది చూడండి. వాటర్ ప్లాంట్లు వాడవాడలా వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2014లో మొదలైన ఎన్టీఆర్ సుజల స్రవంతి పథకంలో ఇరవై లీటర్లు రెండు రూపాయలకు ఇచ్చారు. క్యాను నిలిచింది. కానీ దాన్ని తెచ్చేది చాలాచోట్ల మోపెడ్ మీద మగవాళ్లు, లేదా ఇంటింటికీ తిరిగే ఆటోవాళ్లు. వస్తువు రూపం మారితే ఇంట్లో పని ఎవరిదన్నదీ మారుతుంది. ఇక్కడ ఆ మార్పు మంచికే జరిగింది, అయితే మోపెడ్ లేని ఒంటరి స్త్రీకి, వృద్ధురాలికి క్యాను ఈనాటికీ మోయలేని బరువే.

ఇప్పుడు బోరింగు దగ్గరకు వద్దాం. చేతిపంపును మన ఊళ్లలో బోరింగు అనడమే అలవాటు గనుక నేనూ ఆ మాటే వాడతాను. మానవ కేంద్రిత రూపకల్పన అన్న పేరు ఎవరి నోటా వినపడని రోజుల్లో మన దేశంలో జరిగిన అతి పెద్ద రూపకల్పనా ప్రయత్నాల్లో ఇదొకటని నా అభిప్రాయం. మీ పాఠ్యపుస్తకాల్లో దీనికి ఒక పేరా కూడా దక్కకపోవడం నాకు బొత్తిగా నచ్చదు.

1960ల చివరి కరువు సంవత్సరాల్లో, దక్కను పీఠభూమి లాంటి గట్టి రాతినేలను తొలిచే యంత్రాలను యూనిసెఫ్ మన దేశానికి తెప్పించింది. బోర్లు పడ్డాయి. వాటి మీద బిగించిన పంపులు పోత ఇనుముతో చేసినవి, అమెరికా, ఐరోపా పల్లెల్లో ఒక రైతు కుటుంబం తన పెరట్లో వాడుకునే పంపులకు నకళ్లు. అక్కడ రోజుకు కొన్ని బకెట్లు తోడుకునేది ఒక్క కుటుంబమే, ఇక్కడ తెల్లవారుజామున మొదలైన వరుస చీకటిపడేదాకా తెగేది కాదు. పంపు మీద రెండు మూడు వందల మంది బతుకు ఆధారపడి ఉండేది, మధ్యాహ్నం కాస్త ఖాళీ దొరికితే పిల్లలు పిడిని పట్టుకుని ఊగేవాళ్లు. పోత ఇనుము విరిగేది, ఇరుసు అరిగేది. 1970ల మధ్యలో తమిళనాడు, మహారాష్ట్రలలో యూనిసెఫ్ సర్వే చేయిస్తే, నాలుగింట మూడు వంతుల పంపులు పనిచేయడం లేదని తేలింది. కోట్లు ఖర్చుపెట్టి రాతిని తొలిచారు, పైన పెట్టిన పంపు దగ్గర పథకం ఆగిపోయింది.

దీనికి విరుగుడు ఢిల్లీలో పుట్టలేదు. మహారాష్ట్రలో జాల్నా, షోలాపూర్ ప్రాంతాల్లో క్రైస్తవ మిషన్ల ఆధ్వర్యంలో బావుల పనిచేసే మనుషులు అప్పటికే పాత పంపులతో విసిగిపోయి, ఉక్కుతో సొంతంగా పంపులు చేసుకున్నారు. షోలాపూర్‌లో ఆస్కార్ కార్ల్‌సన్ అనే స్వీడన్ దేశస్థుడు చేసిన పంపులో పిడి చివర ఒక గొలుసు ఉండేది. పిడి ఎలా ఊగినా ఆ గొలుసు వల్ల లోపలి కడ్డీ నిట్టనిలువుగానే లేచి దిగేది, అటూ ఇటూ ఒరుసుకుని అరిగిపోయేది కాదు. కేంద్ర ప్రభుత్వం, యూనిసెఫ్, ప్రభుత్వరంగ సంస్థ రిచర్డ్‌సన్ అండ్ క్రడాస్ కలిసి ఆ పంపును ఆధారంగా తీసుకుని, కోయంబత్తూరు ప్రాంతపు లోతైన బోర్ల మీద పరీక్షించి, దిద్ది, ఇండియా మార్క్ 2 తయారుచేశాయి. ఇరుసు దగ్గర మూసి ఉన్న బాల్ బేరింగులు పెట్టారు, పీఠాన్ని కాంక్రీటులో పాతారు, చుట్టూ చప్టా, వృథా నీరు పోయే కాలువ కూడా నమూనాలో భాగమే అన్నారు. పేటెంటు తీసుకోలేదు. 1979లో భారతీయ ప్రమాణాల సంస్థ దానికి ఐఎస్ 9301 అనే ప్రమాణం రాసింది. ఏ కార్ఖానా అయినా చేయవచ్చు, ఏ జిల్లాలో కొన్న భాగమైనా ఏ జిల్లా పంపుకైనా అతుకుతుంది. లక్షల సంఖ్యలో మన ఊళ్లలో నాటుకున్నది, ఆఫ్రికా దేశాలకు వెళ్లింది ఈ పంపే.

కథ ఇక్కడితో ముగిస్తే మీరు చప్పట్లు కొట్టి లేచిపోతారు. అసలు పాఠం ఇక్కడి నుంచే మొదలవుతుంది. మార్క్ 2 గట్టిదే, కానీ బోరు లోపల పైపుల అడుగున ఉండే దాని సిలిండరులో తోలు వాషర్లు ఉంటాయి, అవి అరుగుతాయి. కొన్ని రూపాయలు ఖరీదు చేసే ఆ వాషరు మార్చాలంటే నేలలోకి దిగిన పైపులన్నీ ఒకదాని తరువాత ఒకటి పైకి లాగాలి. దానికి మూడు కాళ్ల స్టాండు, గొలుసు, పట్టుకార్లు, నలుగురైదుగురు మనుషులు, వాళ్లందరినీ తెచ్చే వాహనం కావాలి. ఊరి స్థాయిలో ఒక సంరక్షకుడు, బ్లాకు స్థాయిలో ఒక మెకానిక్, జిల్లా స్థాయిలో ఒక సంచార బృందం అని తమిళనాడులో మూడంచెల ఏర్పాటు చేశారు. కాగితం మీద బాగున్నా, వాహనం రావడం ఆలస్యమైన ప్రతిసారీ ఆడవాళ్లు మళ్లీ వాగు చెలమల దగ్గరకు వెళ్లవలసి వచ్చేది.

అప్పుడు రూపకర్తల దృష్టి నీళ్లు తోడుకునేవాళ్ల నుంచి పంపును బాగుచేసేవాళ్ల మీదికి మళ్లింది. 1983 నుంచి 1988 దాకా కోయంబత్తూరు ప్రాంతంలో, ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం, ప్రపంచ బ్యాంకు తోడ్పాటుతో జరిగిన పరీక్షల నుంచి మార్క్ 3 వచ్చింది. నీళ్లు పైకి వచ్చే పైపును లావు చేశారు, తోలు వాషరు బదులు నైట్రైల్ రబ్బరు వాషరు వేశారు. పైపు లావుగా ఉండటం వల్ల దాన్ని కదపకుండానే లోపలి పిస్టన్‌ను, అడుగు కవాటాన్ని కడ్డీతో పాటు పైకి లాగేయవచ్చు. వాహనంలో వచ్చే బృందం చేసే పనిని, సైకిల్ మీద వచ్చే ఇద్దరు చేయగలిగే స్థితి వచ్చింది. దీనికీ ఒక ధర ఉంది. లావు పైపు ఖరీదెక్కువ, బరువెక్కువ, లోతైన బోర్లకు దాన్ని దించడం కష్టం. అందుకే మార్క్ 3 అన్నిచోట్లా మార్క్ 2 స్థానాన్ని ఆక్రమించలేదు. ఒకరికి సులువు చేయబోతే ఇంకోచోట భారం పెరగడం రూపకల్పనలో నిత్యం ఎదురయ్యేదే.

ఆ సైకిల్ మీద వచ్చేది ఎవరన్నది కూడా రూపకల్పనే. అది మగవాడే అయి ఉంటాడని అందరూ అనుకున్నారు. రాజస్థాన్‌లోని బాంస్‌వాడా, డూంగర్‌పూర్ ప్రాంతాల్లోను, 1990ల మొదట్లో ఉత్తరప్రదేశ్ బాందా జిల్లాలోని మాణిక్‌పూర్ ప్రాంతంలోను చదువు అంతగా లేని దళిత, ఆదివాసీ మహిళలకు పంపు మరమ్మతు నేర్పించారు. బాందాలో మహిళా సమాఖ్య అనే ప్రభుత్వ కార్యక్రమం కింద ఇది జరిగింది. ఇది ఆడవాళ్లకు చేసిన దయ అనుకుంటే పొరపాటు, సాంకేతికంగా కూడా అదే సరైన నిర్ణయం. వాషరు అరిగినా, అడుగు కవాటం కారినా, పొద్దున్నే మొదటి ధార పడేదాకా పిడిని ఎన్నిసార్లు కొట్టాలో ఆ లెక్క పెరుగుతూ పోతుంది. నిన్న పది కొట్లకు వచ్చిన నీళ్లు ఇవాళ ఇరవై కొట్లకు వస్తున్నాయంటే, పంపు పూర్తిగా ఆగిపోవడానికి ముందే జబ్బు బయటపడిందన్నమాట. ఆ లెక్క ఇంజినీరు దగ్గర ఉండదు, సర్పంచి దగ్గర ఉండదు, రోజూ పిడి కొట్టే ఆమె భుజానికి తెలుస్తుంది. ఆ సమాచారం ఉన్న మనిషి చేతికే పానా ఇవ్వడం కన్నా తెలివైన నిర్వహణ పద్ధతి ఏముంటుంది?

దీనికి పూర్తి విరుద్ధమైన ఒక ఉదాహరణను కొద్ది మాటల్లో చెప్పి వదిలేస్తాను. దక్షిణాఫ్రికాలో ప్లేపంప్ అని ఒకటి వచ్చింది. బడి ఆవరణలో పిల్లలు తిరిగే రంగులరాట్నం లాంటిది పెడితే, వాళ్ల ఆట వల్ల నీరు పైనున్న ట్యాంకుకు ఎక్కుతుంది, ట్యాంకు గోడల మీద వేసే ప్రకటనల ఆదాయంతో నిర్వహణ ఖర్చు వెళ్లిపోతుంది. 2000లో దీనికి ప్రపంచ బ్యాంకు పురస్కారం వచ్చింది, 2006లో అమెరికాలో కోటీ అరవై లక్షల డాలర్లకు పైగా నిధులు ప్రకటించారు, 2010 నాటికి పది దేశాల్లో నాలుగు వేల పంపులు పెడతామన్నారు. ఒక్కో పంపు ధర సుమారు 14,000 డాలర్లు, మామూలు చేతిపంపు ఏర్పాటుకు అయ్యేదానికి ఎన్నో రెట్లు. తలకు ఇన్ని లీటర్లని పెట్టుకున్న లక్ష్యం నెరవేరాలంటే పిల్లలు రోజుకు 27 గంటలు ఆడాలని 2009లో గార్డియన్ పత్రిక లెక్కగట్టింది. పిల్లలు లేనప్పుడు ఆ చక్రాన్ని తిప్పింది ఆడవాళ్లు, నడుములు వంచి, అందరూ చూస్తుండగా. 2010 నాటికి ఆ పథకాన్ని నడిపిన అమెరికా సంస్థ తన పనిని మరో సంస్థకు అప్పగించి తప్పుకుంది. ఆ చిత్రంలో నవ్వే పిల్లలున్నారు, దాన్ని చూసి మురిసే దాతలున్నారు. కేంద్రంలో ఉన్న మనిషి దాతే అని నేనంటే కటువుగా అనిపించవచ్చు, కానీ ఆ రూపానికి వేరే కారణం నాకు కనపడదు.

ఇక మరుగుదొడ్డి. ఇక్కడ నా ప్రశ్న ఇంకా కఠినమవుతుంది, ఎందుకంటే ఇక్కడ వాడేవారి కోరికే మరొకరి ప్రాణం మీదికి వస్తుంది.

2014 అక్టోబర్ 2న స్వచ్ఛ భారత్ మొదలైనప్పుడు గ్రామాల్లో ఇంటికి 12,000 రూపాయల ప్రోత్సాహకం ఇస్తూ, రెండు గుంతల మరుగుదొడ్డిని కట్టుకోమని ప్రోత్సహించారు. సుమారు మీటరు లోతున్న రెండు గుంతలు, గోడలకు నీరు ఇంకే సందులు, మధ్యలో దారి మళ్లించే చిన్న తొట్టి. ఒక గుంత నిండటానికి ఒక కుటుంబానికి కొన్ని సంవత్సరాలు పడుతుంది. నిండగానే రెండోదానికి మళ్లిస్తే, మొదటిదాంట్లో ఉన్నది ఏడాది, రెండేళ్లలో వాసన లేని ఎరువుగా మారిపోతుంది, పారతో తోడి పొలంలో వేసుకోవచ్చు. మురుగు కాలువలు లేని పల్లెకు ఇంతకంటే చవకైన, శుభ్రమైన ఏర్పాటు లేదు. ఇంజినీరుగా నాకు ఇందులో ఒక్క లోపం కూడా కనపడదు.

అయినా జనం ఏం చేశారు? మన చుట్టుపక్కల ఊళ్లలో కట్టినవి చూడండి. సిమెంటు వరలు ఒకదానిమీద ఒకటి పేర్చి, ఎంత లోతు వీలైతే అంత లోతు దించారు. రెండు గుంతలు తవ్వినచోట కూడా కొందరు మొదటిది నిండితే రెండోదానిలోకి పొర్లేట్టు వరుసగా కలిపేశారు. స్తోమత ఉన్నవాళ్లు గది అంత సెప్టిక్ ట్యాంకు కట్టించారు. మేస్త్రీకి తెలియక చేశాడని అధికారులు అంటారు. కొంత నిజమే. కానీ 2014లో ఉత్తరాది ఐదు రాష్ట్రాల్లో డయాన్ కాఫీ, డీన్ స్పియర్స్ అనే పరిశోధకుల బృందం చేసిన సర్వేలో, పనిచేసే మరుగుదొడ్డి ఉన్న ఇళ్లలో సైతం నలభై శాతానికి పైగా ఇళ్లలో కనీసం ఒకరు ఆరుబయటికే వెళ్తున్నారని తేలింది. గుంత చిన్నదైతే తొందరగా నిండిపోతుందన్న భయం, నిండితే దాన్ని ఎవరు ఎత్తిపోస్తారన్న ప్రశ్న జనం మాటల్లో మళ్లీ మళ్లీ వచ్చాయి. ఎత్తిపోయడం ఒక కులం పని అని తరతరాలుగా నమ్మిన సమాజంలో, ఆ కులంవాళ్లు ఇక ఆ పనికి రాబోమంటున్న కాలంలో, నీ గుంత నువ్వే తోడుకో అని చెప్పే రూపకల్పన ఎంత మంచిదైనా జనం దాని నుంచి తప్పించుకోవడానికే చూస్తారు.

2017 ఫిబ్రవరిలో అప్పటి కేంద్ర తాగునీరు, పారిశుద్ధ్య శాఖ కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్ మన వరంగల్ ప్రాంతంలోని గంగదేవిపల్లికి వచ్చారు. ఆదర్శ గ్రామంగా పేరున్న ఆ ఊళ్లో, వివిధ రాష్ట్రాల అధికారుల ఎదుట, ఏళ్లుగా వాడి మూసి ఉంచిన గుంతలోకి స్వయంగా దిగి, ఎరువుగా మారినదాన్ని తోడి పోశారు. ఒక ఐఏఎస్ అధికారి, అందులోనూ ఆ శాఖాధిపతి, చేతులారా చేసి చూపడం చిన్న విషయం కాదు. నేను దాన్ని తక్కువ చేయను. అయితే ఆ ప్రదర్శన సమాధానమిచ్చింది గుంతలో ఉన్నది ప్రమాదకరమా అనే ప్రశ్నకు మాత్రమే. నేను దాన్ని తోడితే ఊళ్లో నన్ను ఎవరిలా చూస్తారు అనే ప్రశ్న గుంతలో లేదు, వీధిలో ఉంది.

మానవ కేంద్రిత రూపకల్పన పాఠం చదివిన ఒక యువ డిజైనర్ ఇప్పుడు ఆ ఇంటికి వెళ్లి, మీకేం కావాలి అని వినయంగా అడిగాడనుకుందాం. పెద్ద ట్యాంకు కావాలి, మా జీవితకాలంలో దాన్ని తెరవవలసిన అవసరం రాకూడదు అంటారు. అది నిజాయితీ గల జవాబు. డిజైనర్ దాన్ని చీటీ మీద రాసుకుని, అందరికీ నచ్చే పెద్ద ట్యాంకు గీసిస్తాడు. ఇంటివాళ్లు సంతోషిస్తారు, వాడకం పెరుగుతుంది, నివేదిక బాగుంటుంది. ట్యాంకు ఎప్పటికైనా నిండుతుంది. అందులో విషవాయువు నిండి ఉంటుంది. దాంట్లోకి ఒక మనిషిని దించుతారు. మనుషుల చేత మలాన్ని ఎత్తించడాన్ని 1993లో ఒక చట్టం, 2013లో ఇంకా గట్టి చట్టం నిషేధించాయి, రక్షణ సాధనాలు లేకుండా సెప్టిక్ ట్యాంకులోకి దించడం నేరం. అయినా ఆ మరణాల వార్తలు మనం చదువుతూనే ఉన్నాం. కోలార్ బంగారు గనుల కాలనీలో పుట్టిన బెజవాడ విల్సన్, సఫాయి కర్మచారి ఆందోళన్ అనే పారిశుద్ధ్య కార్మికుల ఉద్యమం ద్వారా ఈ మరణాలను లెక్కపెట్టి దేశం ముందు పెట్టడానికే జీవితం వెచ్చించారు. 2016లో ఆయనకు మెగసెసే పురస్కారం వచ్చింది. ఆయన లెక్కలో ఉన్న ఆ మనిషి డిజైనర్ అడిగిన ఇంట్లో లేడు. కాబట్టి అతని దగ్గర నుంచి చీటీ రాలేదు.

అందువల్ల నేను చెప్పదలచుకున్నది ఇది. కేంద్రంలో ఎవరిని పెట్టాలన్నది పద్ధతి మొదలయ్యాక తేలే విషయం కాదు, మొదలుపెట్టక ముందే మనం, తెలిసో తెలియకో, తీసుకునే నిర్ణయం. పేరుకు ‘వాడుకరి’ అంటాం. కానీ వాడే మనిషి, మోసే మనిషి, బాగుచేసే మనిషి, ఎత్తిపోసే మనిషి ఒకరే కానప్పుడు, వాళ్ల అవసరాలు ఒకదానికొకటి ఎదురు నిలిచినప్పుడు, వినడం ఒక్కటే సరిపోదు. ఎవరి పక్షాన నిలబడాలో తేల్చుకోవాలి. అది చట్టానికి, పంచాయతీకి, కార్మిక సంఘానికి సంబంధించిన పని. డిజైన్ దానికి ప్రత్యామ్నాయం కాలేదు, అది తేలిన తరువాత మాత్రం చాలా చేయగలదు.

ఏం చేయగలదో చెబుతాను. మన పట్టణాల్లో సెప్టిక్ ట్యాంకు ఎక్కడుంటుందో మీ అందరికీ తెలుసు. పోర్టికో కింద, మెట్ల కింద, ఒక్కోసారి వంటింటి పక్క సందులో ఉంటుంది, పైన టైల్స్ పరిచి ఉంటారు. తెరవడానికి మూత ఉండదు, పగలగొట్టాలి. ట్యాంకరు గొట్టం అక్కడిదాకా చేరదు. చేరనప్పుడు మనిషి దిగుతాడు. ట్యాంకు వీధివైపు ఉండాలి, గొట్టం దూరేంత మూత ఉండాలి, గొట్టం అడుగుదాకా అందాలి అన్న మూడు షరతులను ఇంటి ప్లానుకు అనుమతి ఇచ్చేటప్పుడే పరిశీలిస్తే మనిషి దిగే అవసరం చాలావరకు పోతుంది. ఇవి ఇంటివారిని ఎంత ప్రేమగా అడిగినా వచ్చే సూచనలు కావు, ట్యాంకరు నడిపేవాణ్ని అడిగితే మొదటి నిమిషంలో చెబుతాడు. ఈ దిశలో వరంగల్ నగరపాలక సంస్థ 2016లోనే మానవ వ్యర్థాల నిర్వహణకు నిబంధనలు తెచ్చింది, ట్యాంకర్లకు లైసెన్సులు, తోడినదాన్ని శుద్ధి చేసే కేంద్రం వాటిలో భాగం. హైదరాబాద్ జలమండలి 2017లో పాతబస్తీ లాంటి ఇరుకు సందుల్లోకి కూడా వెళ్లగల చిన్న జెట్టింగ్ యంత్రాలను, అంటే నీటి ఒత్తిడితో మురుగు కాలువలు శుభ్రం చేసేవాటిని, దింపింది. పెద్ద యంత్రం సందులోకి రాదు గనుక మనిషే దిగాలి అనే సాకు అప్పటిదాకా చెల్లుబాటయ్యేది. లారీ చాసిస్‌ను చిన్నది చేయడంతో ఆ సాకు చాలావరకు పోయింది. డిజైన్ చేయగల మేలు ఇలాంటిదని నా ఉద్దేశం.

అడిగే చోటు గురించి ఒక మాట. గ్రామసభలో నీళ్ల గురించి అడిగితే ముందు వరుసలో కూర్చున్న నలుగురు మాట్లాడతారు, ట్యాంకు కట్టమంటారు, కాంట్రాక్టు గురించి ఆరా తీస్తారు. అదే ప్రశ్నను పొద్దున ఆరు గంటలకు కుళాయి దగ్గర వేయండి, నీరు వదిలే వేళ తెలియక కూలికి ఆలస్యమవుతోందని, చివరి వీధికి ధార సన్నగా వస్తోందని, ఫలానా వాడకట్టువాళ్లు ఆ కుళాయి దగ్గరికి రావడానికి ఇప్పటికీ జంకుతున్నారని వింటారు. ఆ చివరి సంగతి గ్రామసభ తీర్మానంలో ఎన్నటికీ ఎక్కదు. ఎత్తిపోసేవాళ్లతో మాట్లాడాలంటే మాత్రం మీరే వాళ్ల కాలనీకి వెళ్లాలి, వాళ్లు మీ కార్యశాలకు వస్తే ఆ రోజు కూలి పోతుంది, కాబట్టి ఆ కూలి కట్టివ్వాలి. ప్రాజెక్టు బడ్జెట్లలో చీటీలకు పద్దు ఉంటుంది గానీ, దీనికి పద్దు నేను అరుదుగా చూశాను.

ఇప్పుడు కాలం మారింది. తెలంగాణలో మిషన్ భగీరథ, దేశమంతటా 2019 ఆగస్టు 15న ప్రకటించిన జల్ జీవన్ మిషన్ ఇంటింటికీ కుళాయి తెస్తున్నాయి, జల్ జీవన్ మిషన్ లక్ష్యం తలకు రోజుకు 55 లీటర్లు. బోరింగులు చాలా ఊళ్లలో మూలనపడ్డాయి. జల్ జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు మహిళలకు నీటి నాణ్యత పరీక్షించే కిట్లు వాడటం నేర్పుతున్నారు. ఇది మంచి రూపకల్పనే. అయితే ఫ్లోరైడ్ ఎక్కువుందని ఆ మహిళ పరీక్షలో తేలితే, ఆ ఫలితం ఎవరికి చేరుతుంది, ఎన్ని రోజుల్లో బదులు వస్తుంది, ఆ లోపు ఊరు ఏ నీళ్లు తాగాలి అనే చోట ఏర్పాటు ఇంకా వదులుగానే ఉంది. బోరింగు కాలంలో సైకిల్ మెకానిక్ పట్ల మనం తీసుకున్న శ్రద్ధను ఇప్పుడు వాల్వు తిప్పే పంచాయతీ ఉద్యోగి పట్ల, ఈ ఐదుగురు మహిళల పట్ల తీసుకోవాలి.

ఈ వేసవిలో మీలో కొందరు ప్రాజెక్టు పని కోసం పల్లెలకు వెళ్తున్నారని ప్రిన్సిపాల్ గారు చెప్పారు. మీ నివేదిక మొదటి పేజీలో ‘వాడుకరి’ అన్న గడి ఒక్కటే ఉంటే, దాని పక్కన ఇంకో మూడు గడులు గీయండి: దీన్ని ఎవరు మోస్తారు, పాడైతే ఎవరు బాగుచేస్తారు, నిండితే ఎవరు శుభ్రం చేస్తారు. పేర్లు రాయలేకపోతే ఆ గడి ఖాళీగానే వదలండి, కాని గడిని తీసేయకండి. మీ మార్గదర్శకులు అభ్యంతరం చెబితే నా మీద నెట్టేయండి.

ఇక ప్రశ్నలు తీసుకుంటాను. వెనుక వరుసలోవాళ్ల నుంచి మొదలుపెడదాం.